నక్కపెళ్లి వాన

"వాన తొందరపడుతోందండీ!"

మినోబె నగిసా తలెత్తి చూసింది. ఎదురుగా పొడుగాటి కుర్రాడు. చేతిలో బుల్లి ఆటపెట్టె, చంకలో గొడుగు. బయట చూడబోతే ఎండ పెళపెళలాడుతోంది.

"వాన తొందరపడ్డమేంటి?"

"వాన లెవెల్లోనండీ. చినుకులు గబగబా రాలిపోతున్నాయి. ఇది మా చిన్నప్పటి వాన కాదు."

"ఇంతకీ మీరెవరు?"

"ఒకుదా ఇబుకి. ఇవాళే చేరాను. ఆడి చూసి తప్పులు పట్టే ఉద్యోగం."

"చేరి టీ అయినా తాగలేదు, అప్పుడే నా వానకు వంక పెట్టారా! అది లోపం కాదు. కావాలని పెట్టిందే."

ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఈ మాట ఊతపదం. నగిసా దాన్ని కత్తిలా వాడేది. ముక్కుమీద కోపం పిల్ల. కానీ ఎంత కోపమొచ్చినా ఆ ముక్కు అందంగానే ఉండేదని ఇబుకికి ఆ పూటే తెలిసిపోయింది.

క్యోటోలో, మగ్గాల వీధి చివర, టోఫు దుకాణం మీది మేడ వాళ్ల ఆఫీసు. కింద సోయా పాలు మరుగుతుంటే ఆవిరి కిటికీలోంచి పైకొచ్చేది. అక్కడి పని పాత ఆటలకు కొత్త ప్రాణం పోయడం. చిన్నప్పుడు టీవీ ముందు చతికిలబడి, బొమ్మల్ని గెంతిస్తూ దూకిస్తూ ఆడామే, ఆ ఆటల్ని అరచేతిలో పట్టే పెట్టెలోకి మళ్లీ అమర్చడం.

అప్పుడు చేస్తున్నది నక్కపిల్ల ఆట. చిట్టి నక్క లాంతరు పట్టుకుని, ఇంటి కప్పు మీంచి ఇంటి కప్పు మీదికి దూకుతూ వాళ్ల అత్త పెళ్లికి పోతుంటుంది. ఎండలో వాన కురిస్తే కుక్కకూ నక్కకూ పెళ్లని మన పిల్లలు పాడరూ? క్యోటోలో కుక్కను పిలవరు. నక్కల పెళ్లి నక్కలదే.

ఆ పెళ్లివాన లెవెల్లోనే ఉంది తంటా అంతా. పాతకాలం ఆటపెట్టె బక్కప్రాణి. తెరమీద అన్ని చినుకులు మోయలేక ఆయాసపడేది. చినుకులూ, నక్కా, దూకే దూకుడూ అన్నీ కలలోలా మెల్లబడేవి. పాట ఒక్కటే తన దారిన తాను సాగేది. పిల్లలకు పెట్టె నీరసం ఏం తెలుసు? నక్కపెళ్లి వానంటే అంతే కాబోలనుకున్నారు. ఇప్పటి పెట్టె బలమైనది. ఎక్కడా తడబడకుండా వానను పరుగెత్తించానని నగిసా మురిసిపోతుంటే, వీడొచ్చి తొందరంటాడు!

ఆనాటినుంచి రోజూ ఇదే భాగోతం.

"వాన ఇంకా తొందరలోనే ఉంది, మినోబె గారూ."

"మీ చెవులే నిదానం, ఒకుదా గారూ."

"వాన చెవులతో చూస్తారా?"

"మీరు గొడుగుతో చూస్తారు కదా! ఎండాకాలం కూడా దించరు."

"మాది కనజావా అండీ. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అంటారు మావాళ్లు. పైగా మా ఇంట్లో చేసేవే గొడుగులు. మర్చిపోతే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు."

నగిసా నవ్వు దాచుకోబోయింది. దాగలేదు.

వానాకాలం రానే వచ్చింది. ఒక సాయంత్రం నగిసా దుకాణం చూరు కింద నిలబడి వానను తిట్టుకుంటోంది. గొడుగు తేవడం ఆమెకు పుట్టుకతోనే అలవాటు లేదు.

పక్కన గొడుగు విచ్చుకున్న చప్పుడైంది.

"రండి. బస్టాపు దాకా."

ఒకే గొడుగు కింద ఆడామగా నడిస్తే ఊరంతా ఏమనుకుంటుందో ఇద్దరికీ తెలుసు. టోఫు దుకాణం ముసలాయన అప్పుడే దగ్గాడు కూడా. నగిసా చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొడుగు కిందికి వచ్చింది.

గొడుగు నూనె కాగితం మీద చినుకులు టపటపమంటున్నాయి. ఇబుకి భుజం ఒకటి బయటే తడుస్తోంది. మలుపు దగ్గర, ఎదురుగా బస్టాపు కనబడగానే నగిసా గుండె ఎందుకో కలుక్కుమంది. ఇంత దగ్గరా ఇది? రోజూ ఎంత దూరంగా ఉండేది!

"ఆట అయిపోతే నా పనీ అయిపోతుంది," అన్నాడతను బస్సు వస్తుండగా. "కనజావా వెళ్లిపోతా."

"మంచిది. మీ అమ్మగారు సంతోషిస్తారు," అంది నగిసా. లోపల ఒకటి పెట్టుకుని, పైకి మర్యాదగా ఇంకోటి అనడం ఆ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కనజావా కుర్రాడు ఆ మాటను ఉన్నదున్నట్టే నమ్మాడు. బస్సెక్కి కిటికీలోంచి చూస్తే గొడుగు కింద అతని మొహం వాడిపోయి ఉంది.

ఆ రాత్రి మంచం మీద పడుకుంటే ఆ పిల్లకు అర్థమైంది. నక్కపెళ్లి వాన ఎందుకు మెల్లగా పడాలో. తడవకూడదని కాదు, గెలవాలని కాదు. ఆ కాసేపు అయిపోకూడదని.

మర్నాడు వచ్చీ రాగానే వానను నిదానం చేసింది. తీరా చూస్తే ఘోరంగా ఉంది. చినుకులు తేలుతూ దిగుతుంటే నక్క మాత్రం తోక కాలినట్టు పరుగు! చినుకులతో పాటు నక్కా, మెరుపూ, లాంతరు ఊగడం అన్నీ ఒకే ఊపిరితో మెల్లబడాలి. పాటను మాత్రం ముట్టుకోకూడదు. దానికోసం రోజులకు రోజులు తల వంచుకుని కూర్చుంది. మిగిలిన లోపాలు కూడా చకచకా తీసేస్తోంది. వాన పనికి తీరిక కావాలి మరి.

ఇబుకికి అది ఇంకోలా తోచింది.

"నన్ను పంపించెయ్యాలని అంత తొందరా, మినోబె గారూ?"

"ఆఁ?"

"ఏం లేదులెండి," అని వెళ్లిపోయాడు. పిచ్చి మొద్దు, అనుకుంది నగిసా. ఎవరు మొద్దో తనకూ సరిగ్గా తెలియలేదు.

ఆట తయారై, అమ్మే కంపెనీవాళ్లకు వెళ్లింది. మరునాడే ఫోను. ఆఫీసు పెద్ద కువబారా గారు ఫోను పెట్టేసి, చేతులు నలుపుకుంటూ వచ్చారు.

"మినోబె గారూ, మీ వాన ఎంత హుందాగా, ఎంత తీరిగ్గా ఉందో! వాళ్లు మెచ్చుకుంటున్నారు."

"థాంక్సండీ!" అన్నాడు ఇబుకి, మొహం వెలిగిపోతూ.

క్యోటోవాళ్లు పొగిడారంటే గుండె పట్టుకోవాలని అతనికి తెలీదు. నగిసా పట్టుకుంది.

"తిప్పి పంపుతామన్నారా?"

"వాన దగ్గర పెట్టె మొరాయిస్తోందట. లోపం ఉంచి పంపే వాళ్లకు రేపు ఇంకో ఆట ఎవరిస్తారని అడుగుతున్నారు."

నగిసాకు పెద్ద బాధ్యత రావడం అదే మొదలు. వానను మళ్లీ పరుగెత్తిస్తే చాలు, గండం గడిచిపోతుంది. ఒక్కసారి ఇబుకి వైపు చూసింది. అతను ఆటపెట్టె రెండు చేతుల్లో పట్టుకుని, చూపు తెరమీదే ఉంచి, మెల్లగా దిగే చినుకుల్లో నక్కను దూకిస్తున్నాడు. కళ్లలో నీళ్లు. ఎన్నాళ్లకో మళ్లీ చూస్తున్నాడు పాపం, తన చిన్నప్పటి వాన.

ఆమె ఫోను అందుకుని ఆ కంపెనీవాళ్లకు చేసింది.

"అది లోపం కాదండీ. కావాలని పెట్టిందే. చిన్నప్పుడు ఆ ఆట ఆడినవాళ్లు మీ ఆఫీసులో ఒక్కరైనా ఉంటారుగా? వాళ్లచేత ఆడించండి. బాలేదంటే నేనే మార్చిస్తా."

అట్నుంచి ఎవరో ఎవరినో పిలిచారు. నక్కపెళ్లి పాట సన్నగా వినిపించింది, మొదటినుంచి చివరిదాకా. తర్వాత ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు.

"అలాగే ఉండనివ్వండి," అంది అవతలి గొంతు.

అది జూన్ ఆఖరి రోజు. కువబారా గారు అందరికీ మినజుకి మిఠాయి తెప్పించారు, తెల్లటి ముక్కోణం ముక్కల మీద ఎర్ర చిక్కుడు గింజలు. అది తింటే ఆర్నెల్ల దోషాలు పోతాయట. "ఆటవీ పోతాయి, మనవీ పోతాయి, తినండి," అన్నారు. ఇబుకి సంచీ సర్దుకుని, తల వంచి అందరికీ నమస్కరించి, మెట్లు దిగాడు.

నగిసా నోట్లో ముక్క నోట్లోనే ఉంది. పరుగెత్తింది.

వీధిలోకి వచ్చేసరికి ఎండ. ఆ ఎండలోనే వాన. చినుకు చినుకుకూ బంగారు పూత. ఇబుకి ఎప్పుడూ చూడని పెద్ద గొడుగు విప్పుతున్నాడు.

"కొత్తదా?" అంది రొప్పుతూ.

"అమ్మ పంపింది. ఇద్దరు పట్టేది. 'ఒక్కడివే దీనికింద ఇంటికొచ్చావంటే గొడుగు పరువు తీసినట్టే' అంది."

నగిసా గొడుగు కిందికి దూరింది. ఇద్దరూ నడిచారు. ఒక అడుగు. తర్వాత, ఎంతో సేపటికి, ఇంకో అడుగు. టోఫు ముసలాయన గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

"మినోబె గారూ, కాలు నొప్పా? ఇంత మెల్లగా..."

"లోపం కాదు." ఆమె చూపు తన చెప్పుల మీదే ఉంది. "కావాలనే."

ఇబుకి ఆగిపోయాడు. గొడుగు వంగి, ఎండ వాళ్ల మీద పడింది.

"కువబారా గారు ఇంకో ఆటకు ఉండమన్నారు. నేనే ఏం చెప్పలేదు. మీరు లోపాలన్నీ అంత తొందరగా తీసేస్తుంటే, నన్నూ..."

"వానకోసం తీశాను, మొద్దూ! మీ వానకోసం."

ఎదురుగా బస్సు వచ్చి ఆగింది, తలుపు తీసింది, కాసేపు చూసింది, వెళ్లిపోయింది.

"నగిసా," అన్నాడతను. ఇంటిపేరు లేదు, గారూ లేదు. ఆ ఒక్క పేరూ చినుకులా, మహా నిదానంగా దిగింది.

"ఊఁ?"

"నా బస్సు వెళ్లిపోయింది."

"తెలుసు," అంది నగిసా. "ఈసారి ఇంకాస్త మెల్లగా నడుద్దాం."