వర్జ్యం పోయేదాకా

ఆ శుక్రవారం పొద్దున్న నారాయణమ్మ ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపలను ఒక దఫా తిరగేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా గోడ క్యాలెండర్ ముందు నిలబడింది. ఆవిడకు చదువు రాదు. తారీఖు మీద వేలు పెడుతుంది, ఆ గడిలో ఏముందో కోడలు శైలజ చదివి చెప్పాలి. పెళ్ళయిన ఆరేళ్ళలో కళింగపట్నంలోని ఆ ఇంట్లో శైలజ చదువుకు దొరికిన పని అదొక్కటే.

“ఇయాల వర్జ్యం ఎప్పుడే?”

“పన్నెండూ పదికి మొదలత్తా. ఒకటీ నలభైకి పోతాది.”

“అయితే పిల్ల పారం ఆ తరవాతే నింపాల. ఒలే అరుణా, ఇన్నావా? వర్జ్యం పోయేదాకా ఆ కంప్యూటర్ ముట్టుకోకు.”

లోపల గదిలో పెట్టె సర్దుకుంటున్న అరుణశ్రీ తల బయటికి పెట్టింది. “పన్నెండున్నరకి తెరుస్తారమ్మా. ఎంత తొందరగా నింపేస్తే అంత మంచిది కదా?” అని, వదిన వైపు చూసింది. “ఆదివారం దాకా టైముంది కదా వదినా?”

“ఉన్నాది. ఆదివారం దాకా తెరిచే ఉంటాది,” అంది శైలజ, పప్పులోంచి రాయి ఏరుతూ.

అది అబద్ధం కాదు. నిజంలో సగం మాత్రమే. మిగతా సగాన్ని శైలజ మూడు రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

అరుణశ్రీ విశాఖపట్నంలో ఎంబీయే చదువుతోంది. ఆ కాలేజీ వాళ్ళు ఏటా ఒక్కరిని నెదర్లాండ్స్‌లోని ఒక యూనివర్సిటీకి ఒక సెమిస్టర్ చదువుకోమని పంపుతారు. ఈసారి ఆ ఒక్కరూ అరుణశ్రీ. ఆగస్టులో ప్రయాణం. అంతకు ముందు అక్కడి పాఠాల్లోంచి నాలుగు ఎంచుకుని పేరు నమోదు చేసుకోవాలి. అందులో ఫైనాన్సు, వ్యాపారం పనులు నడపడం నేర్పే ఆపరేషన్సు తప్పనిసరిగా ఉండాలని ఇక్కడి కాలేజీ షరతు. ఆ రెండూ లేకపోతే ఆ సెమిస్టర్ లెక్కలోకి రాదు. మిగతా రెండూ ఆమె ఇష్టం.

వీసా కాయితాల కోసం తిరుగుతూ, ముప్పై పేజీల ఆ యూనివర్సిటీ పుస్తకాన్ని అరుణశ్రీ వదిన చేతిలో పెట్టింది. “నాకు ఊపిరి ఆడతా నేదు. నువ్వు సదివి నాకు సెప్పు. నీకంటే బాగా ఎవరు సెప్తారు వదినా?”

ఆ చివరి మాట ప్రేమతోనే అంది. శైలజకది కారం రాసినట్టు తగిలింది.

ఎందుకంటే ఆమె నారాయణమ్మకు కోడలే కాదు, స్వయానా తమ్ముడి కూతురు. నెల్లిమర్లలో పుట్టింది. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. వేసవి సెలవులకు అరుణశ్రీ అక్కడికి వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని డెబిట్ అంటే ఇది, క్రెడిట్ అంటే ఇది అని నేర్పింది శైలజే. విజయనగరంలో ఎంకాం మొదటి ఏడాది క్లాసులో ఫస్టు వచ్చింది. రెండో ఏడాది చదవలేదు. ఆ వైశాఖంలోనే నాన్న చదువు ఆపించి పెళ్ళి చేసేశాడు. ఆమె నేర్పిన పిల్ల ఇప్పుడు విమానం ఎక్కుతోంది. తను మొగుడు గోవింద్‌కు క్యారేజీ కడుతోంది.

అలాగని ఆడపడుచు చెడ్డపిల్లా కాదు. అదే శైలజకు మరీ కష్టంగా ఉంది. చెడ్డదైతే హాయిగా తిట్టుకోవచ్చు. వీధిలో అందరూ వచ్చి అరుణశ్రీ బుగ్గలు పుణుకుతుంటే, అత్త “మా పిల్ల ఇమానంలో ఎల్తాది” అని ఎండుచేపల బుట్టలు దించినచోటల్లా చెబుతుంటే, శైలజ నవ్వుతూ టీ అందించేది. లోపలికెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా తోమేది.

పుస్తకం మాత్రం వదలకుండా చదివింది. మధ్యాహ్నాలు పని అయ్యాక వరండాలో కూర్చుని, ఒక్కో పాఠం గురించి రాసిన నాలుగేసి వాక్యాలను పదేసి సార్లు చదివేది. అందులో ఒకటి రేవుల వ్యాపారం గురించి. సరుకు ఒక తీరం నుంచి ఇంకో తీరానికి ఎలా వెళ్తుంది, మధ్యలో ఎవరెవరి చేతులు పడతాయి, ఆలస్యమైతే నష్టం ఎవరిది. ఆ వాక్యాలు శైలజకు నోటికి వచ్చేశాయి. ఆ క్లాసులో మూడో బెంచీలో తను కూర్చున్నట్టు, మాస్టారు అడిగితే చెయ్యెత్తినట్టు ఊహించుకుంది. ఆ ఊహకు తనకే సిగ్గేసింది.

గురువారం అరుణశ్రీ ఇంటికొచ్చాక ఇద్దరూ ఎంపికకు కూర్చున్నారు. తప్పనిసరివి రెండూ తేలాయి. మూడోదిగా బ్రాండింగ్ అంది అరుణశ్రీ.

“నాలుగోది ఇది తీసుకో,” అని శైలజ ఆ రేవుల పాఠం చూపించింది. ఆమె గొంతులో ఆశ ఆమెకే వినిపించింది.

అరుణశ్రీ ఒక్క చూపు చూసి పకపకా నవ్వింది. “అంత దూరం ఎల్లి కూడా రేవులేనా వదినా? పుట్టిన కాడ్నుంచీ ఈ రేవు కంపే కదా! ఇంకేదైనా సరదాది సూడు.”

ఇంకొకరు వింటే అదొక మామూలు మాట. శైలజ మాత్రం ఏడవలేక పేజీ తిప్పింది. తిప్పిన పేజీ తొమ్మిదోది. మంగళవారమే చదివిన వాక్యం మళ్ళీ కనిపించింది. బయటి దేశాల నుంచి వచ్చే విద్యార్థులకు ఒక్కో పాఠంలో పదిహేనే సీట్లు, ముందు వచ్చిన వారికే. ఫైనాన్సు, ఆపరేషన్సు మొదటి గంటలోనే నిండిపోతాయని కింద హెచ్చరిక కూడా ఉంది. మంగళవారం నుంచీ చెబుదామనే అనుకుంటూ వాయిదా వేస్తోంది. ఇప్పుడు మాత్రం చెప్పకూడదనే అనుకుంది. ఒక్కసారి ఈ పిల్లకి కూడా ఏదైనా దక్కకుండా పోతే ఎలా ఉంటుందో తెలియాలి అనుకుంది.

శుక్రవారం పన్నెండున్నర అయింది. శైలజ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. అరుణశ్రీ తల దువ్వుకుంటోంది. ఒంటిగంట అయింది. నారాయణమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, వత్తి ఎగదోసింది. చెప్పడానికి ఇంకా టైముంది అని శైలజకు తెలుసు. ఒకటిన్నర దాటేదాకా ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

ఒకటీ నలభై రెండుకి అరుణశ్రీ అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. నెట్ డాంగిల్‌తో తంటాలు పడితే పేజీ వచ్చింది. ఫైనాన్సు నొక్కింది. మళ్ళీ నొక్కింది.

“ఏటిది? సీట్లు నేవంటున్నాది!” ఆపరేషన్సు కూడా అంతే. వెంటనే కాలేజీలో మేడంకు ఫోన్ చేసింది. అటు మాట వింటూ వింటూ మంచం మీద కూలబడింది.

“ఏటన్నాదే?” అంది నారాయణమ్మ.

“ఆ రెండూ నేకపోతే నా పారం మీద సంతకం పెట్టనన్నాదమ్మా. సోమవారం దాకా సూసి, నా సీటు ఎనకాల ఉన్న అమ్మాయికి ఇచ్చేస్తాదంట. ముందే ఎందుకు నింపనేదని అడుగుతోంది. ఏటి సెప్పను? వర్జ్యం అని సెప్పనా?”

అప్పుడే పని నుంచి వచ్చిన గోవింద్ గుమ్మంలోనే సంగతి విన్నాడు. ఐసు వ్యాను నడిపి ఎండన పడి వచ్చినవాడు, ఒక్కసారిగా తల్లి మీద విరుచుకుపడ్డాడు. “నీ వర్జ్యాలు తగలెయ్య! సదువు సంగతి నీకేటి తెలుసు? నీ నోరు మూసుకుని ఉండొచ్చు కదా! పిల్ల బతుకు నాశనం సేసినావు!”

నారాయణమ్మ, మగడు పోయాక ఎండుచేపలు అమ్మి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, పాతపట్నం సంతలో నలుగురు మగాళ్ళ నోరు మూయించే మనిషి, కొడుకు ముందు గోడకు అతుక్కుపోయింది. “అవున్రా. నానే సేసినాను. నా కూతురికి నానే అడ్డం పడినాను,” అంటూ రెండు చెంపలూ వాయించుకుంది.

శైలజ ఊహించుకున్నప్పుడు ఆ ఊహలో అరుణశ్రీ ఒక్కతే ఏడ్చింది. అత్త లేదు. ఈ చెంపల చప్పుడు లేదు.

“ఆపత్తా!” అని అరిచి వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. “నీ తప్పు కాదు. వర్జ్యం తప్పూ కాదు. నాది.”

పుస్తకం తెచ్చి తొమ్మిదో పేజీ తీసి అరుణశ్రీ ముందు పెట్టింది. అరుణశ్రీ చదివింది. ఆ హెచ్చరిక మీద వేలు పెట్టింది.

“ఇది నువ్వు సూడనేదా వదినా?”

“సూసినాను. మంగళారమే.”

“తెలిసీ సెప్పనేదా?”

“తెలిసే సెప్పనేదు.”

“ఏటి పాపం సేసినాను నీకు?” అరుణశ్రీ పుస్తకం అవతలికి తోసింది. “సెప్పు! ఏటి సేసినానని?”

“ఏటీ సెయ్యనేదు! అదే నా బాధ!” ఆరేళ్ళ మాట ఒక్కసారిగా తెగిపడింది. “నీకంటే ముందు నాను సదివినాను. నీకు నేర్పినాను. నీ పెట్టె సర్దుతున్నాను, నీ పుస్తకం సదివి పెడతన్నాను. నాకు కావలసినవన్నీ నువ్వు వద్దు వద్దంటా నవ్వుతావు. ఓర్చుకోలేకపోనాను. కుళ్ళిపోనాను. సాలా?”

గోవింద్ చెయ్యెత్తబోయాడు. నారాయణమ్మ మధ్యలోకి వచ్చింది. “ముట్టుకున్నావంటే ఊరుకోను,” అని కొడుకును తోసి, కోడలి మొహంలోకి ఒకసారి చూసి, నెత్తళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

శైలజ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పుస్తకం అందుకుంది. “ఇరవైరెండో పేజీ సదువు. సీట్లు నిండినా, ఆ మాస్టార్లకు ఉత్తరం రాసుకోవచ్చు. ఎందుకు కావాలో సెప్తే, వాళ్ళ ఇష్టమైతే చేర్చుకుంటారు. అక్కడింకా పొద్దున్నే. ఇప్పుడే రాయాల.”

అరుణశ్రీ ఆమె మొహం చూడలేదు. ల్యాప్‌టాప్ మాత్రం అటు తోసింది. “నువ్వే రాయి.”

ఫైనాన్సు మాస్టారికి మార్కులు జతచేసి మర్యాదగా రాశారు. ఆపరేషన్సుకు ఏం రాయాలో అరుణశ్రీకి తోచలేదు. శైలజ రాసింది. కళింగపట్నంలో నెత్తళ్ళు ఒడ్డుకు చేరాక ఎన్ని ఎండలు కావాలి, మబ్బు పడితే ముందు ఏది లోపలికి తేవాలి, పాతపట్నం సంత రోజు తప్పితే ఒడిశా బేరగాళ్ళు ఎందుకు దొరకరు, ఇదంతా కాయితం లేకుండా ఒక ఆడమనిషి పాతికేళ్ళుగా ఎలా నడుపుతోంది. ఆ మనిషి కూతురికి మీ పాఠం కావాలి అని ముగించింది.

అరుణశ్రీ అది రెండుసార్లు చదివింది. “అమ్మ పని ఇంతుంటాదని నాకు తెల్దు,” అంది మెల్లగా. క్షమించానని అనలేదు. పక్కనుంచి లేవలేదు కూడా.

ఆ సాయంత్రానికే ఆపరేషన్సు మాస్టారు రమ్మని జవాబిచ్చాడు. ఫైనాన్సు జవాబు కోసం రెండు రోజులు ఎవరికీ ముద్ద దిగలేదు. సోమవారం మధ్యాహ్నానికి అదీ వచ్చింది. కాలేజీ మేడం సంతకం పెట్టింది. అరుణశ్రీ ఎగిరి గంతేసి, అలవాటుగా వదిన మెడ చుట్టూ చేతులేసి, గుర్తొచ్చి ఆగింది. ఆగి, మళ్ళీ గట్టిగానే పట్టుకుంది. “నీ మీద కోపం పోనేదు వదినా,” అంది ఏడుస్తూ. “పోదులే. అయినా పర్లేదు,” అని మళ్ళీ తనే అంది.

నారాయణమ్మ మాత్రం మూడు రోజులుగా కోడలితో మాట్లాడలేదు. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

“నన్ను తిట్టత్తా. పుట్టింటికి పొమ్మన్నా పోతాను,” అంది శైలజ.

“ఏ మొహంతో తిట్టను?” నారాయణమ్మ కొంగు అంచు మెలిపెడుతోంది. “మీ నాన్న నీ పెళ్ళికి ముందు నా కాడికి వచ్చినాడు. అక్కా, పిల్ల ఇంకొక్క ఏడాది సదువుకుంటాది, ఆగు అని బతిమిలాడినాడు. నాకు ఇంట్లో సాయం కావాల. ఈ వైశాఖం కాకపోతే ఇంకో సంబంధం సూసుకుంటానన్నాను. ఆడు బయపడిపోనాడు. నీకు మాత్రం మీ నాన్నే సదువు ఆపేసినాడని సెప్పినాం. నువ్వు మూడు రోజులే నోరు మూసుకున్నావు. నాను ఆరేళ్ళు మూసుకున్నాను.”

శైలజ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నాన్న మీద పెట్టుకున్న అలక, పండక్కి వెళ్ళినా ముభావంగా ఉండి వచ్చిన రోజులు అన్నీ కళ్ళముందు తిరిగాయి. కోపం నిలువెల్లా వచ్చింది. “ఎంత పని సేసినావత్తా!” అంది.

“అను. ఇంకా అను. నాను ఎక్కడికీ పోను.” నారాయణమ్మ కళ్ళు నిండిపోయాయి. కొంగుతో ఒత్తుకుని, చిన్నపిల్లలా అడిగింది. “ఆ ఎంకాం అంటే ఏటే? అందులో ఏటి సెప్తారు? నీకు ఏది ఇష్టం?”

ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అది. శైలజ గరిటె కింద పెట్టేసింది. అత్త ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా ఇద్దరూ లేవలేదు. చాలాసేపటికి శైలజ ముక్కు తుడుచుకుని, “మొదటి ఏడాది ఏటి సెప్పారంటే...” అని మొదలుపెట్టింది. నారాయణమ్మ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చివరిదాకా వింది.