దుప్పటి కింద అన్నం

పొద్దు వాలితే ఓక్‌బున్ మరిచిపోకుండా చేసే పని ఒకటుంది. వండిన బార్లీ అన్నంలో మొదటి వాటా మొగుడి ఇత్తడి గిన్నెలో వడ్డించి, మూత పెట్టి, పొయ్యి సెగ నేల కింద నుంచి పాకే మూలన దుప్పటి కప్పి ఉంచేది. చెంచా పక్కన పడుకోబెట్టేది. దూరాన ఉన్న మనిషి అన్నం ఇంట్లో వెచ్చగా ఉంటే అక్కడ అతను పస్తుండడని ఆ ఊరి నమ్మకం. చెంచాని అన్నంలో నిలువుగా గుచ్చేది చచ్చిపోయినవాళ్ళకే, తద్దినం నాడు. ఆ తేడా అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పోయినవాళ్ళ చేతి ముద్ద తింటే వాళ్ళలో కలిసిపోతారనీ అంటారు.

మొగుడు చిల్‌బోక్‌ని మూడేళ్ళ కిందట జపాన్ వాళ్ళు వరికోత మధ్యలోంచి పట్టుకుపోయారు. సముద్రం అడుగున బొగ్గు గనిలో ఉన్నానని ఒక్క ఉత్తరం వచ్చింది, అంతే. యుద్ధానికి కావాలని ఇంటింటా ఇత్తడి ఊడ్చుకుపోయినప్పుడు కూడా, ఓక్‌బున్ ఆ గిన్నెనీ చెంచానీ ఎరువుకుప్పలో పాతిపెట్టి దక్కించుకుంది.

"మీ ఆయన పేరు చెప్పుకుని మీ ఇంటి ఎలుకలు బలిశాయే," అని పక్కింటావిడ ఎత్తిపొడిచేది.

"నా ఎలుకలు, నా ఇష్టం వదినా," అనేది ఓక్‌బున్. నిజానికి పొద్దున్నే ఆ చద్దన్నం తినేది తనే.

జపాన్ ఓడిపోయింది. పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఓడ దిగి ఊరు చేరుతున్నారు. చలి ముదిరిన ఒక మునిమాపువేళ ఓక్‌బున్ ఇంటి తడిక కదిలింది. కుక్క మొరగలేదు. తోక ముడిచి అరుగు కిందికి దూరింది.

"అమ్మా…"

చూపు ఆనని అత్త గోడ పట్టుకుని లేచింది. "నా కొడుకే! చెప్పానా, వస్తాడని చెప్పానా?"

గడపలో చిల్‌బోక్. బట్టలు ఒంటికి అంటుకుని నీళ్ళు కారుతున్నాయి. నెల్లాళ్ళుగా ఆ ఊళ్ళో చినుకు లేదు. ఉప్పు వాసన, తడిసిన బొగ్గు వాసన గదంతా కమ్మేశాయి.

"ఇంత ఆలస్యమా…" అంది ఓక్‌బున్. అతన్ని వెచ్చని మూల కూర్చోబెట్టి, దుప్పటి తీసి, గిన్నె ముందు పెట్టింది.

అతను చెంచా తీసుకున్నాడు. అన్నం మధ్యలో నిలువుగా గుచ్చాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఓక్‌బున్ ఆ నిలబడ్డ చెంచా వంక చూసింది.

"తింటున్నాడా?" అంది అత్త.

"తింటున్నాడు అత్తా."

చెంచా తీసి పక్కన పడుకోబెట్టింది. అతను మళ్ళీ గుచ్చాడు. ఆమె మళ్ళీ తీసింది. ముద్ద చేసి నోటికి అందించింది… పెదవుల మీంచి గింజలన్నీ జారి కింద పడ్డాయి. ఆ పెదవులు మంచుగడ్డలు.

"ఆకలేస్తోందే," అన్నాడు. ఆమెకి మాత్రమే వినిపించేలా. "ఉండమంటే ఉంటాను. కానీ… చాలా ఆకలేస్తోంది."

చెంచా పడుకుని ఉంటే మొగుడు కళ్ళ ముందు ఉంటాడు. తడిగా, చల్లగా, పస్తులతో. నిలబడితే తింటాడు, వెళ్ళిపోతాడు. అతను పోయాడని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మాట ఇప్పుడు తన చేత్తో తనే అనాలి. మూడేళ్ళు అన్నం వెచ్చబెట్టింది అతను పస్తుండకూడదనే కదా. ఇంట్లోనే మాడ్చనా? ఓక్‌బున్ ఆ రోజు పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

చెంచా గుచ్చింది. అది పక్కకి ఒరిగింది. అతనే దాన్ని తిన్నగా నిలబెట్టాడు.

తిన్నాడు. గబగబా, చిన్నపిల్లాడిలా తిన్నాడు. "బాగుంది," అన్నాడు.

భోజనమయ్యాక తాగే, అడుగంటిన మాడులో కాచిన నీళ్ళు తేవడానికి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఖాళీ గిన్నె, తడిసిన చాప.

"వాడేడే?"

"వాకిట్లోకి వెళ్ళాడు అత్తా."

అత్త పెదవులు తుడుచుకుంటూ నవ్వింది. "నాకూ ఒక ముద్ద పెట్టాడే. ఉప్పగా ఉంది."

ఓక్‌బున్ పొయ్యి పక్కన కూర్చుని, నోట్లో పావడా చెరగు కుక్కుకుని తెల్లవార్లూ ఏడ్చింది.

పొద్దున్నే అత్తకి అన్నం పెట్టింది. ముసలామె తడుముకుంటూ చెంచా అందుకుంది. అన్నం మధ్యలో నిలువుగా గుచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తా… అలా కాదు." ఓక్‌బున్ మెల్లగా చెంచా తీసి పక్కన పడుకోబెట్టింది. అది చేతికి చల్లగా తగిలింది.

అత్త తల ఎత్తింది. ఆమె కొప్పులోంచి ఒక నీటిచుక్క చాప మీద పడింది. నల్లగా.

"ఆకలేస్తోందే," అంది.