మాస్టారి మాట "కాలు"

క్వారీ దగ్గరి మలుపులో రాత్రిపూట ఎవరో కాలు అడుగుతారని మా ఊళ్లో చెప్పుకుంటారు. "కాలు... కాలు..." అని గొంతు వినిపిస్తుందట. తెగిన కాలు వెతుక్కునే దెయ్యమని కొందరు, అంతా మందు మహిమని కొందరు.

అసలు సంగతి డ్రైవింగ్ మాస్టారి శిష్యులకే తెలుసు. ఆయన ఎప్పుడూ "బ్రేక్ తొక్కు" అనేవాడు కాదు. "కాలు!" అనేవాడు, అంతే. ఆ మలుపులోనే నిలబడి ఒక శిష్యుడికి రోడ్డు చూపిస్తుంటే, కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడెవడో స్పీడుగా వచ్చి గుద్దేశాడు. మాస్టారు అక్కడికక్కడే పోయాడు.

ఆయన కారుని మా వీధి టైలరు కొన్నాడు. ఆయన నేర్పిన రెండు బ్రేకుల కారు — డ్రైవరుకొకటి, పక్కన కూర్చునే మాస్టారికొకటి.

టైలరు కూతుళ్లిద్దరూ ఆ మాస్టారి దగ్గరే నేర్చుకున్నారు. చెల్లి మొదటిసారికే టెస్టు గట్టెక్కింది. అక్క మాత్రం రివర్సులో స్తంభాన్ని ముద్దుపెట్టుకుని తప్పింది. కారు తాళం చెల్లి చేతికెళ్లింది. అప్పట్నుంచీ అక్క దాన్ని దెప్పుతూనే ఉంది. ఈ కథ నాకు చెప్పింది ఆ అక్కే.

ఆ రాత్రి కుట్టిన బట్టలు ఇచ్చేసి ఇద్దరూ తిరిగొస్తున్నారు. చెల్లి నెమ్మదిగా నడుపుతోంది.

"నత్త కూడా దాటేసి పోయేలా ఉందే," అంది అక్క. "దీనికేనా నీకు లైసెన్సిచ్చింది?"

"లైటు పడినంత మేరే కదక్కా కనిపించేది. మాస్టారు చెప్పలేదూ?"

"ఓహో! ఆయన ముద్దుల శిష్యురాలివి కదూ."

చెల్లికి పౌరుషం పొడుచుకొచ్చింది. యాక్సిలరేటర్ తొక్కింది.

క్వారీ మలుపు ఒక్కసారిగా మీదకొచ్చింది... రోడ్డుకి అడ్డంగా — లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ!

చెల్లి స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయింది. పక్క సీట్లో అక్క కాళ్లు పైకి మడుచుకుని కూర్చునుంది. దించే వ్యవధి లేదు.

అప్పుడు... అక్క ఒళ్లో ఏదో బరువు పడింది. చెవి పక్కనే... మెల్లగా —

"కాలు."

కారు కీచుమంటూ ఆగింది. లారీకి మూరెడు దూరంలో.

చెల్లి బావురుమంది. "నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉండిపోయిందక్కా... నువ్వు తొక్కబట్టి బతికాం."

అక్క కాదనలేదు. "పెద్దది పక్కనుండబట్టి సరిపోయింది," అన్నాడు తండ్రి, ఇంటికెళ్లాక సంగతి విని. ఆ ఇంట్లో తనని మెచ్చుకోవడం అదే మొదటిసారి కదా, తియ్యగానే ఉందట.

మర్నాడు కారు చూడ్డానికి మెకానిక్ వచ్చాడు. పక్క బ్రేకు కూడా చూడమంది చెల్లి.

"పక్క బ్రేకా? మీకు అమ్మేముందే పీకేశాం కదమ్మా!"

మ్యాట్ ఎత్తి చూపించాడు. కింద ఉత్త రేకు తప్ప ఏమీ లేదు. చెల్లి అక్క వంక చూసింది.

"చూశావా?" అంది అక్క నాతో, ఇంకా ఉడుక్కుంటూనే. "బతికుండగా దాన్నే మెచ్చుకున్నాడు. పోయాక కూడా దానికోసమే వచ్చాడు."

"నిన్నూ కాపాడాడుగా," అన్నాను.

అక్క గొంతు తగ్గించింది.

"అది సరే... మాస్టారి సీట్లో కూర్చున్నది నేను. మరి ఆయన... ఎక్కడ కూర్చున్నట్టు?"