ఏడు నిమిషాలు ముందు

“ఆవకాయ ఘాటుగా ఉందా?”

“నూనె పైకి తేలింది.”

కోడ్ సరిపోయింది. కౌంటర్ వెనక తలుపు తెరుచుకుంది. అమెరికాలోని ప్లేనోలో ఆ పచ్చళ్ళ షాపు వెనక ఇంకో గది ఉందని, అందులో ఒక గూఢచారి విభాగం నడుస్తోందని, రోజూ గోంగూర కొనుక్కెళ్ళే వాళ్ళకి కూడా తెలీదు.

దేదీప్య లోపలికి వెళ్ళింది. బయటి ప్రపంచానికి ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. నిజానికి ఏజెంట్. మూడు రోజులుగా నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, పక్క ఊరు కాపెల్‌లో ఆ పార్కింగ్ లాటే. పదకొండుకి కలుద్దామన్నాడు ఆంజనేయప్రసాద్, ఆమెకి ఈ పని నేర్పిన సీనియర్. ఆమె సరిగ్గా పదకొండుకే వెళ్ళింది. అప్పటికే ఆయన కారు పక్కన పడి ఉన్నాడు. ఇంకో పది నిమిషాలు ముందు వెళ్ళి ఉంటే? ఆ ప్రశ్న ఆమెని వదలడం లేదు.

చీఫ్ కృష్ణకుమారి సోది లేకుండా బ్రీఫింగ్ ఇచ్చింది. విదేశీ ముఠా ఒకటి మన ఇన్ఫార్మర్ల లిస్టు కొట్టేసింది. నలభై ఒక్క పేర్లు, ఇంటి అడ్రసులతో సహా. ఈ మధ్యాహ్నం మూడూ ఐదుకి ఆ ముఠా సర్వర్ దాన్ని దొరికిన వాళ్ళందరికీ పంపేస్తుంది. ప్రసాద్ ఆ సర్వర్‌లోకి దొంగతనంగా దూరి ఒక అడ్మిన్ అకౌంట్ పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ మనకి తెలుసు. కానీ రెండో తాళం కూడా ఉంది, ఆయన ఫోన్‌లో అర నిమిషానికోసారి మారే ఆరంకెల కోడ్.

ఆ ఫోన్ టేబుల్ మీద ఛార్జర్‌కి వేలాడుతోంది. పోలీసుల దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చింది. అద్దం పగిలి టచ్ చచ్చిపోయింది, పైన టైమ్ చూపించే చోట నల్లటి మరక. ఆయన ఆఖరిసారి తెరిచిన ఆ కోడ్ యాప్ మాత్రం అలాగే ఉంది. మనిషి పోయినా అంకెలు మారుతూనే ఉన్నాయి.

“రెండుసార్లు కొట్టాం. రెండుసార్లూ తప్పంది,” అంది కృష్ణకుమారి. “మూడోది తప్పితే అకౌంట్ లాక్.”

“ఆలోచిస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. కొట్టేయండి,” అంది మూల కుర్చీలోంచి నమ్రత. సిల్కు స్కార్ఫ్, ఎర్రటి లిప్‌స్టిక్, గది నిండా సెంటు. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. “పాపం ప్రసాద్ గారు. ఏడు నిమిషాలు ముందే వచ్చి నిలబడ్డారు, ప్రాణం మీదికి తెచ్చుకున్నారు.”

దేదీప్య గోడ గడియారం చూసింది. రెండూ యాభై మూడు.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లోంచి కుక్కర్ కూత వినబడింది.

ఆమె గబుక్కున ఫోన్ వైపు తిరిగింది. అది ప్రసాద్ గారి బీపీ మాత్ర అలారం. రోజూ మూడింటి మాత్రకని కూసేది, అప్పుడు గడియారం చూసినవాళ్ళెవరూ లేరు. ఆఫీసంతా నవ్వితే, ఈ కూతకైతేనే నాకు లేవబుద్ధవుతుందమ్మాయ్ అనేవాడు. ఆ గొంతు ఇప్పుడు పక్కనే వినబడుతున్నట్టుంది. ఒక నిమిషం కూసి అదే ఆగిపోయింది.

మూడింటికి మోగాల్సిన అలారం రెండూ యాభై మూడుకే ఎందుకు మోగింది?

ఆయన ఇంట్లో హాలు గడియారం గుర్తొచ్చింది. ఏడు నిమిషాలు ముందు పెట్టుకునేవాడు, మన ఇళ్ళల్లో చాలామందిలాగే. ఎప్పుడో వీసా ఇంటర్వ్యూకి లేటయ్యాడట, అప్పట్నుంచి ఆ అలవాటు. అయితే ఫోన్‌కి కూడా పెట్టుకున్నాడన్నమాట. ఆ కోడ్ పుట్టేది ఫోన్ గడియారం లెక్కలో. కోడ్ వాడాల్సినప్పుడు టైమ్ సరిచేసి, పని కాగానే మళ్ళీ ముందుకి తోసేవాడేమో. ఆ రోజు సరిచేసే లోపే చంపేశారు.

“మేడమ్, కోడ్ తప్పు కాదు,” అంది దేదీప్య. “దాని టైమ్ ఇంకా రాలేదు. ఇప్పుడు కనబడేది ఏడు నిమిషాల తర్వాత పనిచేస్తుంది.”

చీఫ్‌కి లెక్క వివరించేసరికి రెండూ యాభై ఏడు. కొత్త కోడ్ పడింది. 418027. దేదీప్య అరచేతిలో రాసుకుంది. అది పనికొచ్చేది మూడూ నాలుగుకి, అదీ అర నిమిషమే.

నమ్రత చటుక్కున లేచి ఫోన్ లాగి నేలకేసి కొట్టింది. అంకెలు ఆరిపోయాయి. రెండో చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన చిన్న తుపాకీ గొట్టం. కృష్ణకుమారి చేతిలో బాల్‌పెన్ టిక్కుమంది. అందులోంచి మత్తు సూది నమ్రత మెడలో దిగింది. ఆవిడ కుర్చీలోకి జారిపోయింది.

“ఏడు నిమిషాలు ముందొచ్చాడని ఆవిడకెలా తెలిసింది మేడమ్?” అంది దేదీప్య. “నాకే తెలీదు. ఆయన అలవాటు లెక్కేసుకుని హంతకుణ్ణి పంపింది.”

ఇక మిగిలింది అరచేతిలో ఒక్క కోడ్, ఒక్క ఛాన్సు. ఏడు నిమిషాలు కూర్చుంది. చెమటకి అంకెలు చెదరకుండా చెయ్యి చాపి పెట్టుకుంది. ఆ ఏడు నిమిషాలే ఆయన ప్రాణం తీశాయి. ఇంత పొడుగ్గా ఉంటాయా అనుకుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మూడూ నాలుగు. పది సెకన్లు ఆగి కొట్టింది. స్క్రీన్ మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

లోపలికి రానిచ్చింది.

లిస్టు చెరిపేసేసరికి ఇంకా మూడు సెకన్లు మిగిలాయి. నలభై ఒక్క ఇళ్ళల్లో ఎవరికీ ఏమీ తెలీదు, ఎవరి పనుల్లో వాళ్ళున్నారు.

మర్నాడు దేదీప్య తన ఫోన్‌లో కుక్కర్ కూత పెట్టుకుంది. రెండూ యాభై మూడుకి అది మోగింది. కృష్ణకుమారి ఉలిక్కిపడి, దాన్ని ఆపవే తల్లీ, మూడింటికి మీటింగుంది, పద అంది.

“కూర్చోండి మేడమ్,” అంది దేదీప్య. “ప్రసాద్ గారిచ్చిన ఏడు నిమిషాలున్నాయిగా.”