వేరు కుండ

రూతమ్మగారింట్లో తెల్లవారగానే మొదటి ఫలహారం మనుషులకు కాదు, చేపలకు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే మూడు బంగారు చేపలు వసారాలోని గాజుతొట్టిలో నోళ్ళు తెరుచుకుని కాచుకుని ఉండేవి. రాజుగారి జూబిలీకి బళ్ళో పంచిన మిఠాయి డబ్బాలోంచి అటుకుల పొడి చిటికెడు తీసి నీళ్ళ మీద చల్లితే గాని ఆవిడ కాఫీ ముట్టేది కాదు. ఏలూరు మిషను బోర్డింగులో మేట్రనుగా చేసి విరమించిన రూతమ్మకు, స్వదేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని ఇచ్చిన తొట్టి అది. వీధిలో అలాంటిది మరొకరింట్లో లేదు. ఆ సంగతిని వీధివాళ్ళు మరిచిపోకుండా ఆవిడే చూసుకునేది.

"అగ్నిగుండంలో వేసినా కమలని బైబిలు భక్తుల పేర్లు పెట్టానమ్మా, ఏలూరు ఎండ వీటినేం చేస్తుంది" అంటూ ఉండేది.

ఆ ఇంట్లో రెండు వస్తువుల మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఒకటి ఆ తొట్టి, రెండోది వంటింట్లో ఉప్పు జాడీ. ఈస్టరు వెళ్ళాక కోడలిగా వచ్చిన సుగుణ పొయ్యి రాజేస్తుంది, మసాలా నూరుతుంది, కూర కలియబెడుతుంది. ఉప్పు వేసే వేళకు మాత్రం గరిటె పట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు రూతమ్మ వచ్చి, జాడీ మూత తీసి, చేతి కొలతన ఉప్పు వేసి, మూత పెట్టి వెళుతుంది. ఉప్పు వేసే చెయ్యే ఇల్లు నడిపే చెయ్యి అని ఆవిడకు ఆవిడ అత్తగారు చెప్పింది.

"మంచిపిల్లే, కాదనను. కొత్తది కదా, కొన్నాళ్ళు చూడాలి" అనేది పొరుగింటి బద్రున్నీసాతో. ఎన్నాళ్ళు చూడాలో ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే సుగుణ అన్న చిట్టిబాబు కొల్లేటి లంక నుంచి దోనె మీదా, ఆపైన బండి మీదా వచ్చి, మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి వసారాలో దించాడు. అందులో వెండిలా మెరిసే పరిగె పిల్లలు గిలగిల్లాడుతున్నాయి. ఆదివారం సంఘంవాళ్ళు ఇంట్లో ప్రార్థన కూడికకు వస్తున్నారని, తొట్టి బోసిగా ఉందని అత్తగారు అన్న మాట సుగుణ పుట్టింటికి కబురు చేసింది. చిట్టిబాబు చద్దన్నం తిని తిరుగు బండి ఎక్కేశాడు. రూతమ్మ ముఖం చాటంతయింది.

కాసేపటికి ఆవిడ పెరట్లోకి వెళ్ళబోతుంటే నూతి దగ్గర కొడుకూ కోడలూ గుసగుసలాడుకోవడం వినబడింది.

"వేరు పెట్టాల్సిందేనండి. ఇవాళే పెట్టాలి" అంటోంది సుగుణ.

"అమ్మతో ఎలా చెప్పను? ఆదివారం అందరి ముందూ కలిసి కనబడాలని ఆవిడ ముచ్చట" అన్నాడు ఏలీయా. అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. బళ్ళో పులి, ఇంట్లో పిల్లి.

"కలిపి ఉంచితే అసలుకే మోసమండి. ముఖ్యంగా ఆ ముసలిది. ఒంట్లో సత్తువ లేదు, ముందు అదే పోతుంది."

"నువ్వే మెల్లగా చెప్పు. నాకు బడి వేళయింది" అని ఏలీయా సైకిలెక్కేశాడు.

రూతమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. భర్త పోయాక వాణ్ణి బోర్డింగు వరండాల్లో పెంచింది. వాడు వేరు కాపురం పెడితే ఈ ఇంట్లో తనూ, మూడు చేపలూ మిగులుతారు. పైగా ఎదురుపడితే తలెత్తని పిల్ల తనను ముసలిది అంది.

గోడ అవతల బద్రున్నీసా తివాచీ ఉన్ని ఆరబెడుతోంది. రూతమ్మ వెళ్ళి విన్నదంతా చెప్పింది.

"ఆ పిల్లేనా? మీరు సరిగ్గా విన్నారా అక్కయ్యగారూ?" అంది బద్రున్నీసా.

"నాకింకా చెవుడు రాలేదు. వేరు పెట్టాలంది. ముసలిది ముందు పోతుందంది."

బద్రున్నీసా ఉన్ని విదిలించి తీగ మీద వేస్తూ ఆలోచించింది. "అయితే ఒక మాట చెప్తానండి. వాళ్ళడిగి వేరు పోతే వీధి నవ్వుతుంది. వాళ్ళడక్క ముందే మీరు పెట్టి ఇస్తే పెద్దమనసంటుంది."

రూతమ్మ ముక్కు చీది, కొంగు బిగించి లోపలికి నడిచింది. నట్టింట్లో చాప పరిచి, ఇంట్లో సామానంతా రెండు కుప్పలు చేయసాగింది. ఇత్తడి బిందె వాళ్ళకు, సత్తు బిందె తనకు. కొత్త రోలు వాళ్ళకు, అంచు విరిగినది తనకు. మాగాయ జాడీ దగ్గర చెయ్యి ఆగింది. ఏలీయాకు మాగాయ లేనిదే ముద్ద దిగదు. అంత కోపంలోనూ దాన్ని వాళ్ళ కుప్పలోకే జరిపి, కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే సుగుణ పెరట్లోంచి వచ్చింది. "అత్తయ్యగారూ, పాత గోలెం ఒకటి ఉండాలి..." అంటూ కుప్పలు చూసి ఆగిపోయింది.

"రా అమ్మా. నువ్వు కోరినట్టే వేరు పెడుతున్నాను" అంది రూతమ్మ.

సుగుణ ముఖం విప్పారింది. "ఆయన చెప్పేశారా అండీ? ఎలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ హడలిపోతున్నాను."

"అంత సంతోషమా నీకు?"

"ప్రాణాలతో పని కదండీ. అయినా ఎల్లకాలం కాదు. మళ్ళీ పున్నమి దాకా చాలు, ఆనక కలిపేసుకోవచ్చు."

ఒక పున్నమికి వేరు పోయి మరో పున్నమికి తిరిగొచ్చే కాపురం గురించి రూతమ్మ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నోరు తెరిచేలోగా సుగుణ గొంతు తగ్గించి అంది. "దీనికి ఇంత సామానెందుకండీ? గోలెం ఒక్కటి చాలు. ఇంకా... కాస్త ఉప్పు ఇప్పిస్తే..."

"అదీ సంగతి. నీ కన్ను ఉప్పు జాడీ మీదన్నమాట."

"అదే ముఖ్యమండి. కొత్తవాటినే కాదు, ఆ ముసలిదాన్ని కూడా ఓసారి ఉప్పునీళ్ళలో ముంచి తీస్తే మంచిది."

రూతమ్మకు ఒళ్ళు మండిపోయింది. విసురుగా వసారాలోకి నడిచి చేపల కుండ ఎత్తింది. "ముంచుతావా నన్ను? ఈ గుమ్మంలో ఇక వేరన్న మాట వినబడకూడదు. నా కొడుకూ ఇక్కడే, నువ్వూ ఇక్కడే, నీ పుట్టింటి చేపలూ ఇక్కడే. అందరికీ ఒక్కటే నీళ్ళు" అంటూ కుండ తొట్టి మీదికి వంచబోయింది.

సుగుణ పరుగున వచ్చి కుండను రెండు చేతులా పట్టుకుంది. ఆ పిల్ల గొంతు పెరగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. "పొయ్యకండి అత్తయ్యగారూ. మూడూ చచ్చిపోతాయి."

"ఎవరు చచ్చిపోతారు?"

"చేపలండి." ఆ మాట అంటూనే సుగుణ అత్తగారి తడికళ్ళు చూసింది, నట్టింట్లోని కుప్పలు చూసింది. నెమ్మదిగా అర్థమైంది. "నేను వేరు పెట్టాలన్నది మనల్ని కాదండి. ఈ చేపల్ని."

కుండ దింపి, ఒక పరిగె పిల్లను నీళ్ళతో సహా దోసిట్లోకి తీసింది. దాని డొక్క మీద నువ్వుగింజ పొట్టులా ఏదో అంటుకుని, మెల్లగా కదులుతోంది.

"చేప పేను అండి. కంటికి కనబడనివి ఇంకెన్ని ఉంటాయో. మా లంకలో బయటి చేపను పాతవాటిలో వచ్చిన రోజే కలపరు. ముందు ఉప్పునీళ్ళలో ముంచి తీసి, వేరు కుండలో ఉంచి చూస్తారు."

"మరి ముసలిదన్నావు?"

"అబేద్నెగోనండి. పొలుసు వెలిసిపోయి నీరసంగా ఉంది కదా..." సుగుణకు అప్పుడు తట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మో. మిమ్మల్ననుకున్నారా?"

గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. బద్రున్నీసా అంతసేపూ ఉన్ని ఆరబెడుతూనే ఉంది మరి. ఆ నవ్వుకు సుగుణ నవ్వింది, ఆపుకోలేక రూతమ్మా నవ్వింది. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

"ఇంత మాట పొద్దున్నే నాతో చెబితే పోయేదిగా?"

"ఉప్పు అడగాలి కదండీ, భయమేసింది. ఆ జాడీ మీది. నేనొచ్చినప్పట్నుంచీ దాని మూత ముట్టుకోలేదు."

సుగుణ అందులో ఫిర్యాదేమీ పెట్టలేదు. ఉన్నమాట చెప్పి గోలెం కడగడానికి వెళ్ళింది. రూతమ్మే లేచి వెళ్ళి ఉప్పు జాడీ తెచ్చింది. సుగుణ ఉప్పు కలిపి, నాలిక చివర రుచి చూసి, చేపలను అందులో వదిలింది. అవి ఒరగబోతున్నాయనగానే తీసి గోలెంలోని మంచినీళ్ళలో వేసింది. ఉప్పునీళ్ళ అడుగున పేలు రాలి ఉన్నాయి. ఆ పైన మరో గిన్నెలో కొత్తగా ఉప్పు కలిపి అబేద్నెగోను కూడా ముంచి తీశారు. అగ్నిగుండం దాటిన పేరు గలది ఉప్పునీళ్ళకు జంకలేదు.

"పున్నమికి కలుపుతామన్నావు. అంతకన్నా ఎక్కువ ఉంచితే ఇంకా మంచిది కదా?" అంది రూతమ్మ.

"రోగం లేదని తేలాక ఉంచకూడదండి. మా నాన్న ఒకసారి వేరు కుండలో పెట్టి మరిచిపోయారు. అవి రోగంతో కాదు, బెంగతో పోయాయి."

ఆ పిల్ల చేపల గురించే చెప్పింది. రూతమ్మకు మాత్రం ఈస్టరు దగ్గర నుంచి ప్రతిపూటా గరిటె పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడ్డ కోడలు కనబడింది. వాళ్ళు వేరు పోతారేమోనని ఏడ్చింది గాని, పిల్లను వేరుగా ఉంచింది తనే. ఎన్ని పున్నములు వెళ్ళిపోయాయో. ఆవిడకు ఏడుపొచ్చింది, ఈసారి దాచుకోలేదు.

"ఎందుకండీ ఏడుస్తారు, చేపలు బాగానే ఉన్నాయిగా?" అంది సుగుణ కంగారుగా.

"ఉన్నాయమ్మా. వెళ్ళు, పులుసు కాగుతోంది. ఉప్పు వేసి దింపు."

"నేనా అండీ?"

"నువ్వే. వేరే ఎవరున్నారు?"

మధ్యాహ్నం ఏలీయా భయం భయంగా ఇంటికొచ్చాడు. నట్టింట్లో సామాను రెండు కుప్పలుగా ఉంది. ఆడవాళ్ళిద్దరూ మధ్యలో కూర్చుని, ఏదో తలుచుకుని పకపకా నవ్వుతున్నారు. ఏం అడిగితే ఏం వస్తుందోనని కంచం ముందు కూర్చున్నాడు. పులుసు కలిపి ఒక ముద్ద తిని, చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు.

"ఏమైందిరా?" అంది రూతమ్మ.

"ఏం లేదమ్మా. బాగుంది."

ఆవిడ చేతిలో ఒక చుక్క వేసుకుని నాకి, కోడలి వైపు చూసింది. "నువ్వు వేశావా?"

"మీరు వెయ్యమన్నారు కదండీ."

"నేనూ వేశానే. పొయ్యి పక్కనుంచి వెళుతుంటే చెయ్యి ఊరుకోలేదు."

సుగుణ తల వంచుకుంది, భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి. రూతమ్మ లేచి వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఒక ఇంట్లో రెండు ఉప్పులుంటే మగపిల్లాడు చెరువు తాగాల్సొస్తుంది. ఇకమీదట నీ చెయ్యే. నాది అప్పుడప్పుడూ జారితే నువ్వే పట్టుకో, పొద్దున కుండ పట్టుకున్నట్టు."

సుగుణ జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

ఏలీయా ఒకసారి తల్లిని చూసి, ఒకసారి భార్యను చూసి, ఇంకో చెంబు నీళ్ళు దగ్గర పెట్టుకుని, ఆ పులుసే మళ్ళీ వడ్డించమన్నాడు.