పాత సెల్లుల బ్యాటరీ

మా ఇల్లు బర్మాలో, పజుండౌంగ్‌లో, వాగుకి దగ్గరి సందులో, కింది వాటా. కిటికీ తెరిస్తే మా అబ్బాయి నాగేంద్ర కారు చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. అది హైబ్రిడ్ కారు. అంటే పెట్రోలు ఇంజనుతో పాటు చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. కారు నడిచేటప్పుడు అది కాస్త నిండుతుందే గాని, గోడ ప్లగ్గులో పెట్టి నింపుకోడానికి వీల్లేదు. కిట్టు బిగిస్తే సెల్లులు పేర్చిన వేరే పెద్ద బ్యాటరీ వస్తుంది, ప్లగ్గు వస్తుంది. కరెంటున్నప్పుడు నింపుకుని, పోయినప్పుడు కారులోంచే ఇంటికి తీసుకోవచ్చు. బడిపిల్లలకి చెప్పినట్టు చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇది తెలిస్తేనే తరవాత జరిగింది తెలుస్తుంది.

ఆ కిట్టు మాకు కారు కోసం కాదు. మా ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మిషను నడుస్తుంటేనే ఆయనకి ఊపిరి అందుతుంది. ఈ ఊళ్లో కరెంటు చూస్తే, ఉన్నంతసేపు ఉంటుంది, పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలీదు.

మెకానిక్ హరి నా దగ్గర చదువుకున్నవాడే. నన్నూ నాగేంద్రనీ షెడ్డులో కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు.

"కొత్త సెల్లుల కిట్టు సరిహద్దు కాడ ఆగిపోనాది టీచరమ్మా. ఎప్పుడొస్తాదో తెల్దు. ఇది పాత సెల్లులది. ఇయ్యాలే బిగించీగలను."

"పాతవంటే ఏ బండివి?"

"గుద్దుకున్న బండివి. సెల్లులకేటీ అవలేదు. కొలిసి సూసినాను."

"మనిషికో?"

హరి స్పానరు తుడిచి డబ్బాలో పెట్టాడు.

"కొత్తదాని కోసం ఆగుదామమ్మా," అన్నాడు నాగేంద్ర.

"నేను ఆగుతాన్రా. మీ నాన్న ఊపిరి ఆగుతాదేటి మనకోసం?"

పాతదే మా ఇంటికొచ్చి బిగించమన్నాను. బిగించాక హరి నన్ను పక్కకి పిలిచాడు.

"కొత్త సామాను వస్తే మనోళ్లు హారతిచ్చి పిలుస్తారు కదా. దీన్ని మాత్రం పిలవకండి. బర్మావోళ్లు ప్రమాదం జరిగినకాడ కొమ్మ విరిచి, పేరెట్టి పిలిచి, పోయినోడి ఆత్మని ఇంటికి తోడుకెళ్తారు. ఈ సెల్లుల బండిలో పోయినోడికి నా అన్నోళ్లు లేరు. ఎవరూ పిలవలేదు."

విన్నాను. కాని మావాళ్లలో పిలవని వస్తువు ఇంట నిలవదంటారు. కుక్కరైనా, ఫ్యానైనా, ఎర్రనీళ్లు దిగదుడిచి "రా, మాలో ఒకరివై ఉండు" అంటాం. ఆయన ప్రాణానికి ఆధారమైనదాన్ని పిలవకుండా ఎలా ఉంచను? హరి వెళ్లాక హారతి వెలిగించాను. పిలిచాను.

మంచంలోంచి మా ఆయన నవ్వారు. "కారుకి హారతి, నాకు గంజి. బాగుందే."

దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. సందంతా ఒక్కసారి నల్లబడింది. ఎదురింటి జనరేటరు కూడా మోగలేదు. వాగు బురద వాసన, వేయించిన ఎండుచేపల వాసన, కాలుతున్న దోమల చుట్ట. నాగేంద్ర కారు వైరుని కిటికీలోంచి లాగి మిషనుకి తగిలించాడు. మిషను గుర్రుమంది. హమ్మయ్య అనుకున్నాను.

కాసేపయ్యాక టార్చి వేసి కారులోకి చూశాను. బ్యాటరీలో ఎంత ఉందో చూపించే చిన్న తెర అద్దం దగ్గరే ఉంది. బావిలోంచి నీళ్లు తోడితే నీటిమట్టం దిగుతుంది. బ్యాటరీ కూడా అంతే.

అంకె దిగలేదు.

ఒకటి ఎక్కింది. చూస్తుండగానే ఇంకొకటి.

"నాగా… ఇది నిండుతోందిరా."

"ఎక్కణ్నించి నిండుతాది? కరెంటేదీ?"

ఇద్దరం లోపలికి చూశాం. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించడానికి ఆయన వేలికి పెట్టిన క్లిప్పులో అంకె దిగుతోంది. కారులో ఎక్కినంత… ఇక్కడ దిగుతోంది. మిషను మాత్రం బాగానే గుర్రుమంటోంది. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి.

"లాగెయ్," అన్నాను.

నాగేంద్ర వైరు లాగేశాడు. మిషను ఆగింది.

కారులో అంకె ఆగలేదు.

అప్పుడు కారులోంచి టింగ్… టింగ్… అని మొదలైంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది. తలుపులు తాళం వేసే ఉన్నాయి. టార్చి వెలుగులో అద్దాల మీద ఆవిరి. లోపలివైపు. పెరుగుతోంది… తగ్గుతోంది… పెరుగుతోంది. అద్దానికి ముఖం ఆనించి ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు.

"ఎవరే… నా పక్కన…" మంచంలోంచి మా ఆయన గొణిగారు. "జరగమను…"

నాగేంద్ర డిక్కీ తెరిచి, బ్యాటరీని విడదీసే నారింజరంగు ప్లగ్గు పీకేశాడు. తెర ఆరిపోయింది. గంట ఆగింది. ఇంట్లోంచి మా ఆయన గట్టిగా, లోతుగా, ఒక్క ఊపిరి పీల్చడం వినిపించింది. తరవాత ఇంకొకటి. పెదాలు ఎర్రబడ్డాయి. నిద్రపోయారు.

నాకు ఏడుపు రాలేదు. భయం కూడా అనిపించలేదు. లోపలికెళ్లి బియ్యం కడిగాను.

హరి మారుమాట లేకుండా ఆ కిట్టు విప్పి పట్టుకుపోయాడు. మా ఆయనకి మిషను మళ్లీ అవసరం పడలేదు. డాక్టరుగారు గుండె మీద గొట్టం పెట్టి విని, ఇలాంటిది తానెప్పుడూ చూడలేదన్నారు. ఆయన ఇప్పుడు సందు చివరిదాకా నడుస్తున్నారు. టీ కొట్లో కూర్చుని కబుర్లు చెబుతున్నారు. నాగేంద్ర సంబరంగా ఉన్నాడు. నేనూ సంబరంగానే ఉండాలి.

ఈ పొద్దున పేపరు చదవడానికి ఆయన కళ్లజోడు తీశారు. తుడుచుకోడానికి అద్దం నోటి దగ్గర పెట్టుకుని, హా… అని ఊదారు. మళ్లీ ఊదారు. మళ్లీ.

అద్దానికి ఆవిరి పట్టలేదు.

ఆయన నావైపు చూశారు. మాలో ఒకరివై ఉండమని నేను పిలిచినవాడే చూస్తున్నట్టుంది. నేను కొంగుతో తుడిచి ఇచ్చాను.