యారాడ కొండ దిగేటప్పుడు

ఆటోనగర్‌లో వాన వెలిసిన మధ్యాహ్నాలన్నీ ఒకేలా ఉంటాయి. రేకుల మీంచి నీళ్లు కారుతుంటాయి. గుంటల్లో ఆయిలు రంగులు తేలుతుంటాయి. ఎక్కడో లేతు మిషను సన్నగా ఏడుస్తుంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం నాగమణి టీచరు గారి పాత తెల్లకారు మళ్లీ వచ్చి సూరన్న షెడ్డు ముందు ఆగింది.

సూరన్నది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అన్నదమ్ములు వలలు పట్టుకుంటే అతనొక్కడూ పానాలు పట్టుకున్నాడు. బ్రేకుల పనిలో గాజువాక అంతా అతని పేరే చెప్పేవాళ్లు. లారీని ఏ షెడ్డులో పెట్టినా, బ్రేకులు మాత్రం సూరన్న చూడాల్సిందే అనేవాళ్లు. ఆ మాట అతనికి అన్నంతో సమానం.

నాగమణిది కృష్ణా జిల్లా. భర్తకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చి, యారాడ ఊళ్లో బడిలో టీచరుగా చేరింది. రోజూ కొండ ఎక్కి అవతల దిగాలి. బస్సుల్ని నమ్ముకుంటే బడికి అందేది కాదు. అందుకని 2003లో ఆ కారు కొని, భయపడుతూనే డ్రైవింగ్ నేర్చుకుంది.

కారుకి ఒకటే జబ్బు. డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్రేకు లైటు. ఊళ్లో ఎంత తిరిగినా వెలిగేది కాదు. యారాడ కొండ ఎక్కి, సముద్రం కనబడేలా దిగేటప్పుడు ఒక మలుపులో వెలిగేది. మలుపు దాటగానే ఆరిపోయేది.

మొదటిసారి వచ్చినప్పుడు సూరన్న హ్యాండ్‌బ్రేకు కింది స్విచ్చి మార్చాడు. తర్వాత, పల్లంలో బ్రేకాయిలు ఒక పక్కకి ఒరుగుతోందేమో అనుకుని డబ్బా నిండా పోశాడు. ఆయిలు తగ్గితే లైటు వెలిగించే మూత కూడా మార్చాడు. చక్రాలు విప్పి చూశాడు. ప్యాడ్లు బాగున్నాయి. గొట్టాలు కారడం లేదు. వైరు ఎక్కడా ఒరుసుకోలేదు. అయినా ఇదిగో, ఆవిడ మళ్లీ వచ్చింది.

పక్క షెడ్డులో కార్ల కరెంటు పని చేసే సత్యం తల బయటపెట్టాడు. "బావా, వైరింగు నానోపాలి సూడనా?"

"నీకెందుకెహె. నాను సేత్తన్నాను గదా."

అక్కడ టీ తాగుతున్నవాళ్లు తలతిప్పి చూశారు. ఒకడు నవ్వాడు కూడా. సూరన్న చెవులు వేడెక్కాయి. స్టీరింగు కిందికి వంగి, డ్యాష్‌బోర్డు వెనక్కి చెయ్యి పెట్టి, ఆ ఎర్రలైటు బల్బు పీకేశాడు. గుప్పిట్లో దాచుకుని షెడ్డులోకి వెళ్లి మేకుల డబ్బాలో పడేశాడు.

"అయిపోయింది మేడమ్. వైరు లూజు."

"ఇక భయం లేదుగా?"

"నాది గేరంటీ."

ఆవిడ మొహం తేటపడింది. ఎన్నాళ్ల బరువో దిగినట్టు నవ్వింది. సూరన్న ఆ నవ్వుని చూడలేక చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే ఆవిడింటికి పోయి బల్బు పెట్టేద్దామనుకున్నాడు. ఏమని చెప్పి పెట్టాలో తోచక ఊరుకున్నాడు.

వారం తిరిగిందో లేదో, ఓ సాయంత్రం బడి నుంచి నేరుగా నాగమణి కారేసుకుని వచ్చింది.

"సూరన్నా, లైటు మళ్లీ వచ్చింది."

"ఏటి మేడమ్?"

"పొద్దున దిగేటప్పుడు. అదే మలుపులో. ఈసారి ఇంకా ఎర్రగా వెలిగింది."

రాదు మేడమ్, అనబోయాడు. ఎందుకు రాదని అడిగితే? మేకుల డబ్బా ఉన్న గూటివైపు చూశాడు.

"ఓసారి నాతో వచ్చి చూడండి. మీరు కళ్లారా చూస్తే నాకు ధైర్యం," అంది ఆవిడ.

కాదనడానికి ఒక్క కారణమే ఉంది. అది చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఎక్కి కూర్చున్నాడు.

సింధియా జంక్షన్ దాటేసరికి మబ్బు కమ్మింది. కొండ ఎక్కుతుంటే వెనకాల పోర్టు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఏదో ఓడ కూత వేసింది. తడిసిన ఎర్రమట్టి వాసన, తుప్పల వాసన. కొండ కొసకి చేరాక పోర్టు చప్పుడంతా ఒక్కసారిగా తెగిపోయింది. అవతల సముద్రం బూడిదరంగులో ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

"ఇక్కడినుంచే..." అంది నాగమణి మెల్లగా.

కారు దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపు. ఏమీ లేదు. సూరన్న ఊపిరి వదిలాడు. ఆవిడ భ్రమపడి ఉంటుంది. పొద్దుటి ఎండ అద్దం మీద పడి ఉంటుంది.

తర్వాతి మలుపు తిరుగుతుండగా వెలిగింది.

నెమ్మదిగా... నిప్పుకణికని ఎవరో ఊదుతున్నట్టు... ఎర్రగా.

"చూశారా?"

సూరన్న చూస్తున్నాడు. దాని వెనక బల్బు లేదు. లేదని ఈ లోకంలో తెలిసింది అతనొక్కడికే.

"ఏమిటంటారు సూరన్నా?"

"వైరింగే మేడమ్..."

తన గొంతు తనకే పరాయిగా వినబడింది. వంగి, ముందుకి ఒరిగి, డ్యాష్‌బోర్డు వెనక్కి చెయ్యి పెట్టాడు. బల్బు పీకిన చోటు వేలికి తెలుసు. తడిమాడు. ఖాళీ గుంట. వేలు లోపలికంటా పోయింది. కళ్లెదురుగా లైటు వెలుగుతూనే ఉంది. దీపం ఉన్నచోట కాస్తైనా వెచ్చగా ఉండాలి. అక్కడ మంచులా ఉంది.

వేలు బయటికి తీశాడు. తడిగా ఉంది. వాసన చూశాడు. నీచువాసన. చాలాసేపు నీళ్లలో నానిన దేనిదో.

ఇప్పుడైనా చెప్పాలి. కారాపండి మేడమ్, బల్బు నానే తీసేశాను అనాలి. నోరు తెరిచాడు. ఆ తేటపడిన మొహం గుర్తొచ్చింది. మళ్లీ మూశాడు.

"సూరన్నా..." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "బ్రేకు దిగట్లేదు."

"గట్టిగా తొక్కండి."

"తొక్కుతున్నాను... రాయిలా ఉంది..."

కిందికి చూశాడు. రెండు కాళ్లతో తొక్కుతోంది. మడమలు వణుకుతున్నాయి. పెడల్ వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. ఆయిలు పోతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఇంకో లోపముంటే బిగుసుకుంటుంది, కానీ ఎంతో కొంత దిగుతుంది. ముప్పై ఏళ్ల పనిలో ఇలాంటిది అతను చూడలేదు. కారు వేగం పుంజుకుంది. ముందు మలుపు. మలుపు అవతల ఏమీ లేదు... సముద్రం.

లైటు ఇంకా ఎర్రబడింది. ఆవిడ చేతులు, చీర, అద్దం... అంతా ఎరుపు.

"కొండవైపు తిప్పండి."

హ్యాండ్‌బ్రేకు పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. వెనక చక్రాలు కీచుమన్నాయి. కారు పక్క కొండరాయిని గీరుకుంటూ పోయింది. ఒక అద్దం పగిలింది. మలుపుకి ఇవతల, తుప్పల్లో ముక్కు పెట్టి ఆగింది.



నాగమణి తాళం తిప్పి ఇంజను ఆపింది. తాళం చేతిలోకి తీసుకుంది. లైటు ఆరలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది మెల్లగా, తనకి తీరిక దొరికినప్పుడు ఆరింది.

దిగి దూరంగా వచ్చి నిలబడ్డాక సూరన్న చెప్పాడు. రోడ్డువైపు చూస్తూ చెప్పాడు.

"బల్బు లేదు మేడమ్. నాకు రోగం తెలీలేదు. తెలీలేదని సెప్పుకోలేక పీకేశాను."

ఆవిడ తిట్టలేదు. ఎవరితోనో అన్నట్టు అంది.

"లైటు వెలిగినన్నాళ్లూ నేను కొండమీది గుడిసెల పిల్లల్ని ఎక్కించుకోలేదు. నడిచే వచ్చేవాళ్లు పాపం. బాగైపోయిందని మీరన్నారు కదా... ఈ వారమంతా ఎక్కించుకున్నాను. వెనక నలుగురు, ముందు సీట్లో ఇద్దరు."

సూరన్న రోడ్డు పక్కన కూలబడిపోయాడు. కొట్టినా బాగుండునని అనిపించింది. ఆవిడ ముందు నడిచింది. అతను వెనక, తలెత్తకుండా నడిచాడు.

మర్నాడు పొద్దున షెడ్డు తెరవగానే సూరన్న అందరి ముందూ జరిగింది చెప్పాడు. టీ గ్లాసులతో ఉన్నవాళ్లు ఈసారి నవ్వలేదు. అది ఇంకా కష్టంగా తోచింది. సత్యం ఒక్కడే భుజం మీద చెయ్యివేసి, "పద బావా, బండి తెద్దాం," అన్నాడు.

ఎండ బాగా కాసింది. కొండ మీద సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి. కారు నిన్న వదిలినట్టే తుప్పల్లో ఉంది. సూరన్న తలుపు తీసి చేత్తో పెడల్ నొక్కాడు. మెత్తగా, చక్కగా దిగింది. ఏ లోపమూ లేదు.

సత్యం వెల్లకిలా పడుకుని టార్చి వేసి పెడల్ వెనకవైపు చూశాడు. టార్చి సూరన్న చేతికిచ్చాడు.

"ఏటి సత్యం?"

"నువ్వే సూడు బావా."

పెడల్ వెనక రేకు మీద ఏళ్లనాటి దుమ్ము, గ్రీజు పేరుకుని ఉన్నాయి. ఆ మురికిలో వేళ్ల గుర్తులు. కింది నుంచి ఎవరో అరచేతులు ఆనించి పైకి నెట్టినట్టు. చాలా చిన్న వేళ్లు. రెండో తరగతి పిల్లలవి అంతుంటాయి.

సత్యం గుడ్డపీలిక కిరసనాయిల్లో తడిపి గట్టిగా తుడిచాడు. రేకు తళతళలాడింది. ఇద్దరూ టార్చి వెలుగులో దాన్ని చూస్తూ ఉన్నారు. కారు లోపల ఇంకెవరూ లేరు. చుట్టుపక్కలా ఎవరూ లేరు.

కిరసనాయిలు ఆరకముందే, తుడిచిన రేకు మీద తడిగా ఒక చిన్న వేలిగుర్తు తేలింది. దాని పక్కన ఇంకొకటి.